రెండు లోహాల నడుమ

మోటారు వాహనపు ఇంజనులో కంటికి కానరాని భాగమొకటి ఉంది. సిలిండర్లుండే బ్లాకుకు, దానిపై మూతవలె కూర్చునే హెడ్‌కు నడుమ అమర్చే పలుచని పొర అది. దానిని హెడ్ గాస్కెట్ అంటారు. మండే ఇంధన వాయువు, ఇంజన్ ఆయిల్, చల్లబరిచే నీరు ఒకదానితో ఒకటి కలవకుండా కాపలా కాయడమే దాని పని. అది చెడిపోయినా బండి కొంతకాలం నడుస్తుంది. పైరంగు మెరుస్తూనే ఉంటుంది. లోపం లోలోపలే పెరుగుతుంది.

ఇవి మాకు మదర్సాలో తెలిసిన సంగతులు కావు. అమెరికాలో షికాగో శివారున నివసించే మా చెల్లెలి ఇంట కొన్ని వారాలు ఉన్నప్పుడు మేనల్లుని వద్ద నేర్చుకున్నాము. అతనికి 1990 నాటి నిస్సాన్ 300 జెడ్‌ఎక్స్ అనే స్పోర్ట్స్ కారు ఉండేది. దాని ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు వరుసలలో ఉంటాయి గనుక హెడ్‌లు రెండు, గాస్కెట్లు రెండు. కాలేజీ ఫీజు కోసం దానిని అమ్మదలిచాడు. మసీదుకు వచ్చే విద్యార్థి ఒకడు కొంటానన్నాడు. ఇంతలో వెనుక గొట్టం నుండి తీపి వాసనతో తెల్లని పొగ రాసాగింది. బయట చుక్క కారకుండానే రేడియేటరులో నీరు తరుగుతోంది.

లీకు మూసే ద్రవం పోస్తే కొన్నాళ్లు ఆగుతుందనీ, ఈలోగా అమ్మివేయమనీ పరిచయస్థుడొకడు సలహా ఇచ్చాడు. "మామూ, అతను అడగని సంగతి నేనెందుకు చెప్పాలి?" అని మేనల్లుడు మమ్మల్ని అడిగాడు.

దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని గమనించి వర్తకుణ్ణి ప్రశ్నించిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. వానకు తడిసిందని అతడు చెప్పగా, జనానికి కనబడేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. ఆ వర్తకుణ్ణి అంతకు ముందు తడి గురించి ఎవరైనా అడిగినట్లు ఆ ఉదంతంలో లేదు. మేనల్లునికి ఇదే చెప్పాము. అతను కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే విప్పుదాం మామూ" అన్నాడు.

మూడు వారాంతాలు ఇంటి గరాజులోనే పని సాగింది. మేము దీపం పట్టుకున్నాము, బోల్టులను వరుస తప్పకుండా అట్టకు గుచ్చి ఉంచాము. రేడియేటరు నుండి తీసిన ద్రవం తియ్యగా ఉంటుంది గాని విషం. పిల్లులు తాగకుండా వెంటనే మూత పెట్టించాము. హెడ్ బోల్టులను చివరల నుండి మధ్యకు వదులు చేయాలి. తిరిగి బిగించేటప్పుడు మధ్య నుండి చివరలకు, విడతలుగా, టార్క్ రెంచితో కొలిచి బిగించాలి. ఆ ఇంజనులో హెడ్ అల్యూమినియం, బ్లాకు ఇనుము. వేడికి రెండూ ఒకే తీరున వ్యాకోచించవు. ఇంజను మితిమీరి కాగితే హెడ్ వంకరపోతుంది. వంకరను సరిచేయక కొత్త గాస్కెట్ వేస్తే అదీ నిలవదు. అందుకే హెడ్‌లను లేతు పనివారి వద్దకు పంపి చదును చేయించాడు.

పొగ ఆగింది. ఇక కొనేవానికి చెప్పవలసినదేమిటి? మదర్సాలో ఏటేటా మేము హిదాయా గ్రంథం నుండి 'ఖియారె ఐబ్' బోధిస్తాము. దాగిన లోపం బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కు కొన్నవానికి ఉంటుంది; లోపమే తొలగిపోతే ఆ హక్కూ ఉండదు. ఈ మాట మేమే అతనికి చెప్పాము. మా చెల్లెలు కూడా, బాగుచేశాక చెప్పడమెందుకన్నది. మేనల్లుడు మాత్రం, "ఇది నా చేత్తో మొదటిసారి చేసిన పని మామూ. ఎంతకాలం నిలుస్తుందో నాకే తెలియదు. అది తెలిసే అతను కొనాలి" అన్నాడు. పాత గాస్కెట్ మీది నల్లని కాలిన చారను ఆ విద్యార్థికి చూపాడు. అతను 500 డాలర్లు తగ్గించమన్నాడు. మేనల్లుడు తగ్గించాడు. ఫీజులో ఆ లోటు పూడ్చేందుకు సాయంత్రాలు ఒక దుకాణంలో పని చేశాడు.

మేము ధర్మశాస్త్రపు హద్దు చూపాము. ఆ యువకుడు హద్దుకు ఆవల అడుగు వేశాడు. మన ఊళ్లలో మిరప బస్తా అడుగున చేరే తడి కాయలు, పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మింగేసే జబ్బు సంగతి కూడా ఈ కోవకే చెందుతాయి. అడగలేదన్న సాకు మనుషుల ముందు చెల్లవచ్చు. అల్లాహ్ మన వ్యవహారాలలో నిజాయితీని ప్రసాదించుగాక. ఆమీన్.