పట్టుట, లాగుట, తీసికొనుట

ఒక జాతి ఏ పనిని ఎక్కువగా చేసినదో తెలియగోరువారు ఆ జాతి నిఘంటువును తెరచి చూచిన చాలును. ఆంగ్లభాషలో పట్టుటకును, లాగుటకును, గుంజుకొనుటకును గల మాటలు లెక్కకు మిక్కిలి. టేక్, సీజ్, గ్రాబ్, గ్రిప్, క్లచ్, స్నాచ్, డ్రా, డ్రాగ్, హాల్, టగ్ అని వరుసగా చెప్పుకొని పోవచ్చును. వింత యేమనగా వీనిలో కొన్ని పరులనుండి పట్టి తెచ్చుకొన్నవే. టేక్ అను మాట ఓడలమీద దండెత్తి వచ్చిన ఉత్తరదేశీయులది. ఆంగ్లేయుల పాతమాట 'నిమన్' దాని ముందు నిలువలేకపోయెను. ఆ పాతమాట తునుక యొకటి 'నమ్' అను రూపమున మిగిలియున్నది. చేయి తిమ్మిరెక్కినప్పుడు వారు వాడు ఈ మాటకు మొదటి అర్థము 'పట్టుబడినది' అని. ఇక 'లూట్' అనునది పదునెనిమిదవ శతాబ్దమున మన దేశమునుండి కొనిపోయినదే. అది మన లూటియే. దోపిడికి పేరును సయితము దోచుకొనిపోయిరని మనము నవ్వవచ్చును. కాని మన జప్తు, కబ్జా అరబ్బీవి. స్వాధీనము సంస్కృతమునుండి వచ్చినది. ఈ విషయమున ఎవరి ఇల్లును అచ్చముగా స్వంత సొత్తుతో నిండియుండలేదు.

ఈ ఆలోచన మాకు గోదావరిఖని వీధులలో కలిగినది. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు జాడ కనుగొనెను. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ ఆ బొగ్గును త్రవ్వు హక్కు పొందెను. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చెను. 1945లో అధికభాగము వాటాలు నిజాము ప్రభుత్వము చేతికి వచ్చినవి. నేడు తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్రమునకు 49 పాళ్లు గలవు. యజమానులు మారిరి గాని, బొగ్గుతోపాటు దిగిన మాటలు మారలేదు. ఇల్లెందునుండి కొత్తగూడెమునకును, అక్కడినుండి రామగుండమునకును అవి పనివారి మూటలతోపాటు నడచి వచ్చినవి.

గనిలో హాలేజీ యనగా ఇనుపతాటితో టబ్బులను లాగు ఏర్పాటు. పైన డ్రమ్ము తిరుగుచుండగా తాడు చుట్టుకొనుచు, నిండిన టబ్బులు వాలుబాటను పైకి ఎక్కును. 'హాల్' అను మాట ఫ్రెంచివారి ద్వారమున ఆంగ్లమునకు చేరినది; మన పనివానికి అది 'హాలేజీ' యై, తట్ట, చెమ్మసు వలె ఇంటిమాటయే అయినది. ఎక్కు టబ్బు వెనుక ఒక ఇనుపకడ్డీని తగిలింతురు. దానికి 'డ్రాగ్' అని పేరు. తాడు తెగినచో ఆ కడ్డీ నేలకు గ్రుచ్చుకొని టబ్బును నిలిపివేయును. నిఘంటువు 'ఈడ్చుట' అని చెప్పును. గనిలో ఆ వస్తువు చేయవలసినది ఆపుట. క్రిందనున్న మనుష్యుల ప్రాణము ఆ కడ్డీపై ఆధారపడియుండును. కావున అక్కరము నేర్చినవాని అర్థముకంటె ఆ పని చేసినవాని అర్థమే ఇచ్చట ప్రమాణము. నేడు పెక్కుచోట్ల టబ్బులకు బదులు కన్వేయరు బెల్టులు వచ్చినవి; ఓపెన్‌కాస్టులో మట్టిని ఈడ్చి పోయు మహాయంత్రము 'డ్రాగ్‌లైను' రామగుండమున పనిచేసినది. ఆ డ్రాగ్ మాత్రము నిజముగా ఈడ్చునదే!

మరమ్మతుశాలలో 'బేరింగు సీజయింది' అందురు. వెంటనే ప్రక్కవాడు 'పట్టేసింది' అని తెలుగున చెప్పును. రెండును ఒకటే. పోలీసువారు బండిని పట్టుకొన్నను 'సీజ్ చేసినారు' అనియే. ఇట్టి మాటలను తరిమివేసి, వానికి మారుగా నోరు తిరుగని సంస్కృతసమాసములు కల్పించుమని మేము చెప్పము. వ్యవహారమున నాటుకొన్న మాటను పెరుకుట వ్యర్థశ్రమ. మేము పాతబాట వ్రాతవారమే యైనను, గిడుగు రామమూర్తి పంతులుగారు జనుల నోటి మాటకై చేసిన వాదములోని సారము ఇంతయేనని అంగీకరింతుము.

మా దిగులు వేరొకచోట నున్నది. యంత్రపు మాట పనివాని చేతిలోనిది. కాగితపు మాట అట్లు కాదు. 'లీజు' అను మాటకు మూలార్థము వదలుట, సడలించుట. పట్టుకొనువాని చేతిలో అది ఎంత మెత్తగా నున్నది! 'కాంట్రాక్టు' అనగా ఇరువురిని దగ్గరకు లాగుట. కాని కాంట్రాక్టు కూలీని తోటి పర్మనెంటు కార్మికునినుండి దూరముగా నిలుపుచున్నది ఆ మాటయే. 'అక్విజిషన్' అనగా తనకై వెదకి సంపాదించుట. దీనికి మన కార్యాలయములు 'సేకరణ' అని పేరిడినవి.

ఓపెన్‌కాస్టు గని సమీపించుచున్న ఒక పల్లెలో ఒక వృద్ధరైతు మాచేతికి నోటీసు ఇచ్చి, "గిండ్ల ఏం రాసిండ్రు, సారూ?" అని యడిగెను. "భూమి సేకరింపబడునని వ్రాసినారు, తాతా" అంటిమి. ఆయన కొంత తడవు ఊరకుండి, "సేకరించుడంటే ఏరుకునుడా? నా భూమేమన్న ఇప్పపువ్వా, ఏరుకపోను? ఎవలు గుంజుకుంటున్నరో గది చెప్పు" అనెను. మేము కాగితమును మరల చూచితిమి. అందు ఎకరములున్నవి, సర్వే నంబరు ఉన్నది, గడువున్నది. తీసికొనువాడు వాక్యములో లేడు. 'బడు' అను చిన్న క్రియ వానిని దాచివైచినది. మన వాడుకభాషలో ఈ 'బడు' చాల అరుదు. రైతు "తీసుకున్నరు" అనును. ఆ ఒక్క మాటలో కర్త యున్నాడు. కర్త యున్నచోట జవాబుదారి యున్నాడు.

1894 నాటి భూసేకరణ చట్టము పోయి, 2013లో చేసిన కొత్త చట్టము 2014 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. దాని పేరులోనే న్యాయమైన పరిహారపు హక్కు మొదట నిలిచినది. పేరు మారుట మంచిదే. హక్కు కలదని చెప్పు కాగితము హక్కుదారునికి బోధపడనిచో, ఆ హక్కు తాళము వేసిన పెట్టెలోని నగ వంటిది.

కావున మేము కోరునది స్వల్పము. గనిలో డ్రాగు, హాలేజీ, టబ్బు హాయిగా నుండనిండు. వానిని కొత్తవానికి తెలుగున విప్పి నేర్పుడు. భూమిని, కూలిని, కొలువును గూర్చిన ప్రతి కాగితమునందును మాత్రము తీసికొనువాడెవడు, ఇచ్చువాడెవడు, ఎంతకు, ఎప్పటికి అను నాలుగును కర్తృవాక్యములలో వ్రాయుడు. "మీ భూమిని మేము తీసికొనుచున్నాము, మీకింత ఇచ్చెదము" అని వ్రాయుటకు కలము వెనుదీసినచో, ఆ సంకోచమునకు కారణము భాషలో లేదు, పనిలోనే యున్నది. దానిని అక్కడ వెదకవలెను.