రంగము రేవు చిత్రములు

మా చిన్నవాడు సంక్రాంతి సెలవులకు వచ్చుచు రంగూను రేవుయొక్క పాత ఛాయాచిత్రములు పది పండ్రెండు పెద్దవిగా అచ్చువేయించి తెచ్చెను. వానిని తీసినవాడు క్లియరు అను జర్మను దేశస్థుడు. అతడు 19వ శతాబ్దపు చివర రంగూనులో ఛాయాచిత్రశాల నడపి 1911లో మరణించెను. మా అత్తగారికి తొంబదియేండ్లు దాటినవి. ఆమె తండ్రి రంగములో ఓడకూలీ. (కళింగపట్టణపు ప్రాంతమున పెద్దలు రంగూనును రంగమనియే యందురు.) 1942 తరువాత ఆయన జాడ తెలియలేదు. ఇంట ఆయన చిత్రమొక్కటియు లేదు. కావున ఇవి ఆమెకు చూపవలెనా, వద్దా యని మేము రెండు దినములు తటపటాయించితిమి.

మూడవనాడు భోజనములైన పిమ్మట చాపపై పరచితిమి. నది యొడ్డున గిడ్డంగులు, నడుమ లంగరు వేసిన పొగయోడలు, వాని చుట్టును సాంపానులను చిన్న పడవలు. వెనుకభాగము రెండు కొమ్ములవలె లేచియుండు ఆ పడవలలో నిలువబడి తెడ్డువేయువారు చాలవరకు చిట్టగాంగువారు. రంగూను సముద్రపుటొడ్డున లేదు. నదిలో ఇంచుమించు 20 మైళ్లు లోపలికి పోవలెను. అందుచేత అచ్చటి పనియంతయు ఆటుపోటుల ననుసరించియే సాగెడిది. ఏనుగులు టేకుదూలములను పేర్చుచున్న చిత్రములు ఆ దినములలో మిక్కిలి ప్రసిద్ధములు. మా పిల్లలును వానినే ముందు లాగికొనిరి.

మా చూపుమాత్రము బియ్యపు బస్తాలవద్ద ఆగినది. బర్మానుండి దేశదేశములకు పోయిన బియ్యమును ఓడలకెత్తినవారిలో పెక్కుమంది మన తెలుగువారు. వారిని అచ్చట 'కోరంగీలు' అని పిలిచెడివారు. 1839 తుపానులో నాశమైన మన కోరంగి రేవు పేరు అట్లు పరదేశమున కూలివాని పేరుగా నిలిచినది. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా యిచ్చును, ఓడ యెక్కించును, ఆ బాకీ తీరువరకు కూలిలో కోసికొనును.

సోదరీమణులారా, ఈ చిత్రములలో ఒక వింత గలదు. ఆ కాలమున గాజుపలకలపై బొమ్మ పడుటకు కొంత వ్యవధి పట్టెడిది. నిలిచినది స్పష్టముగా పడును, కదలినది మసకబారును. ఓడ స్పష్టము. గొడుగు పట్టుకొని నిలిచిన పెద్దమనుష్యుడు స్పష్టము. బస్తా మోయువాడు మాత్రము పొగవలె నున్నాడు. ఇక మన స్త్రీలు, వెదకినను కనబడలేదు. వలసపోయినవారు మిక్కిలి భాగము పురుషులే. ఆడువారు ఇచ్చట మనియార్డరుకొఱకు ఎదురుచూచుచు పొలముపనులు చేసికొనిరి.

అత్తగారు కండ్లద్దములు సవరించుకొని ఒక మసకమనిషిపై వ్రేలుంచిరి.

"తలగుడ్డ చూడమ్మాయీ! కొస ఎడమ చెవిమీదికి వేశాడు. మా అయ్య ఇలాగే చుట్టేవాడు."

మాకు గుండె ఝల్లుమనెను. చిత్రము తీయునాటికి ఆమె తండ్రి పుట్టియే యుండడు. ఆ మాట చెప్పిన ఆమె కేమగునో యని మేము ఊరకుంటిమి. చిన్నవాడు నోరు తెఱవబోగా కనుసైగ చేసితిమి.

"ఏ యేటివి యివి?" అని ఆమెయే యడిగిరి.

దాచలేక చెప్పితిమి. ఆమె నవ్విరి.

"మా అయ్యని నేనన్నానా? మా తాత కూడా రంగమే. ఆయన్ని చూసే మా అయ్య నేర్చాడు."

అటుపిమ్మట ఆమె చెప్పిన సంగతులు మేమీ యింట కాపురమునకు వచ్చిన యిన్నేండ్లలో వినినవి కావు. 1930 మేలో తెలుగు ఓడకూలీలు కూలి పెంపునకై సమ్మెకట్టిరి. యజమానులు బర్మావారిని పనికి పెట్టుకొనిరి. సమ్మె ముగిసి మనవారు తిరిగి రాగా 26వ తేదీన కలహము పుట్టి వందకు పైగా ప్రాణములు పోయినవి. తాత ఆ యేడే యిల్లు చేరి మఱల ఓడ యెక్కలేదట. కొడుకు మాత్రము మేస్త్రీ బయానా పుచ్చుకొని యెక్కెను. 1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942లో లక్షలకొలది మనవారు అడవులు, కొండలు దాటి కాలినడకను వచ్చిరి. దారిలో పోయినవారికి లెక్కలేదు.

"తాత వద్దన్నాడు. మా అమ్మ మాత్రం వెళ్లమంది, నా చెవుల కమ్మలకోసం," అని ఆమె మెల్లగా ననిరి. ఆ కమ్మలు కొననేలేదట.

మేమేమియు అనలేక చిత్రములు ప్రోగుచేయ మొదలిడితిమి. ఆ యొక్కటి ఆమె యీయలేదు. మఱునాడు అద్దము కట్టించి ఆమె మంచమునకెదుట గోడకు తగిలించితిమి. ఆ రాత్రి దీపము కొంచె మిటు జరుపుమని మమ్ము రెండుమారులు పిలిచిరి.