పద్దుల పుస్తకం పట్టిచ్చిన దొంగ

కారు బానెట్ ఎత్తి చూడటం మగవాళ్ల పని, మనకెందుకులే అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ మా కారులో దాక్కున్న దొంగని పట్టిచ్చింది నా పద్దుల పుస్తకమంటే నమ్ముతారా? చెబుతాను, వినండి.

మాది అనకాపల్లి. 2018లో మా మామయ్యగారికి వారానికి మూడుసార్లు విశాఖపట్నంలో డయాలసిస్ చేయించాల్సి వచ్చేది. పోను, రాను సుమారు 70 కిలోమీటర్లు. వీలైన రోజున మావారు, లేకపోతే మా అబ్బాయి, మా పాత డీజిల్ కారులో తీసుకెళ్లేవారు. తోడు నేను.

ఆ ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం తిరిగి వస్తుంటే, లంకెలపాలెం దాటగానే వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికెక్కి కూర్చుంది. కారు పక్కకి ఆపి, మామయ్యగారిని చెట్టునీడన కూర్చోబెట్టాం. డయాలసిస్ చేయించుకుని వచ్చే మనిషికి ఓపిక ఎక్కడుంటుంది చెప్పండి? గంటన్నరసేపు ఆ వడగాలిలో కూర్చుని కూడా ఆయన "ఏం పర్లేదమ్మాయ్" అంటూనే ఉన్నారు.

కారుని షెడ్డుకి చేర్చాక మెకానిక్ చూసి, థర్మోస్టాట్ పాడైందన్నాడు. దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టి, "మన ఎండలకి ఇది అక్కర్లేదమ్మా. లేకపోతేనే ఇంజను చల్లగా ఉంటుంది" అన్నాడు. నిజంగానే ముల్లు మళ్లీ పైకి లేవలేదు. అమ్మయ్య అనుకున్నాం. ఆ ముక్కని పాత డబ్బాలో పడేశాను.

పాల లెక్క, పచారీ లెక్కలతో పాటు డీజిల్ లెక్క రాయడమూ నాకు అలవాటు. అంతకుముందు నెలకి 50 లీటర్లయ్యేది, జూన్ నుంచి 56 అయింది. ఎండాకాలం కదా, ఏసీ వల్లేమో అనుకున్నాను. దసరా వెళ్లింది, చలి వచ్చింది, ఏసీ మానేశాం. అయినా అంకె దిగదే!

డిసెంబరులో ఒక రాత్రి ఈ లెక్కే మావారికి వినిపిస్తుంటే పక్కగదిలో మామయ్యగారు విన్నారు కాబోలు. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ, "వారానికి రెండుసార్లు వెళ్తే చాలదూ? నాకు బాగానే ఉంటోందిలే" అన్నారు. మూడుసార్లకి తగ్గకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పిన సంగతి ఆయనకీ తెలుసు. నా మనసు చివుక్కుమంది. ఆయన వైద్యం మాకు బరువని నేనేమైనా అన్నానా? అనలేదు. నా పద్దు అంది.

ఆ రోజే మా అబ్బాయిని కూర్చోబెట్టి అడిగాను. వాడు పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్నాడు. "ముల్లు అసలు మధ్యదాకా కూడా రాదేంరా?" అంటే వాడు ఆలోచనలో పడ్డాడు. "మూత పెట్టకుండా పప్పు ఉడకబెడితే ఏమవుతుందమ్మా? గ్యాసు ఎక్కువ ఖర్చవుతుంది. ఇంజనూ అంతే. తగిన వేడి రాకపోతే డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ చిక్కగానే ఉండి అరుగుదలా పెరుగుతుంది" అన్నాడు.

థర్మోస్టాట్ అంటే ఇంజనులోని నీళ్లకి ఒక తలుపు. దాని బుడిపెలో మైనం ఉంటుంది. వేడెక్కితే మైనం కరిగి, ఉబ్బి తలుపు తీస్తుంది. అప్పుడు నీళ్లు రేడియేటర్‌కి వెళ్లి చల్లబడతాయి. చల్లబడితే స్ప్రింగు తలుపు మూస్తుంది. మా పాతదాని తలుపు మూసుకుపోయి తెరుచుకోలేదు కనుక కారు ఉడికిపోయింది. పీకేశాక తలుపే లేదు కనుక ఇంజను వేడెక్కడమే లేదు. రెండూ జబ్బులే.

మా కారుకి సరిపడే కొత్తది కొని తెచ్చాం. ముందు పరీక్ష. సొట్టపోయిన అల్యూమినియం గిన్నెలో నీళ్లు పోసి, పాతదాన్నీ కొత్తదాన్నీ దారానికి కట్టి, అడుగు తగలకుండా వేలాడదీసి పొయ్యి వెలిగించాను. "కారుముక్కలతో పులుసు పెడుతున్నావేమిటే కోడలా!" అని అత్తయ్యగారు ఒకటే నవ్వు. దాని మీద 82 డిగ్రీలని అచ్చు ఉంది. నీళ్లు మరిగేలోపే కొత్తది నోరు తెరిచింది. పాతది కుతకుతలాడే నీళ్లలోనూ నోరు మెదపలేదు. ఆ గిన్నెని మాత్రం మళ్లీ వంటకి వాడలేదు, మీరూ వాడకండి.

బిగించడం ఆదివారం పొద్దున్నే, రాత్రంతా చల్లారిన ఇంజను మీద. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తియ్యకూడదు సుమా! ఆవిరి పోకుండా కుక్కర్ మూత తీసినట్టే, ఒళ్లు కాలిపోతుంది. కూలెంటుని బేసిన్‌లోకి దింపాం. అది తియ్యగా ఉండే విషం. పిల్లలకీ కుక్కలకీ అందనివ్వకండి, కాలువలో పోయకండి. రెండు బోల్టులు విప్పి, అంచులు శుభ్రంగా తుడిచి, స్ప్రింగు ఇంజను వైపు ఉండేలా కొత్తది పెట్టి, కొత్త రబ్బరు రింగు వేశాడు మా అబ్బాయి. బోల్టులు మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలట. ఒకేసారి బిగిస్తే అల్యూమినియం మూత పగులుతుంది. సగం కూలెంటు, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోసి, హీటరు పూర్తిగా తిప్పి, గాలిబుడగలు ఆగేదాకా ఇంజను నడిపాడు. రేడియేటర్‌కి వెళ్లే పైగొట్టం చాలాసేపు చల్లగానే ఉండి, ఉన్నట్టుండి వేడెక్కింది. తలుపు తెరుచుకుందన్నమాట! ముల్లు మధ్యకి వచ్చి అక్కడే నిలిచింది. ఇంజను చల్లారాక మర్నాడు నీటిమట్టం మళ్లీ చూసుకున్నాం.

కొన్ని కార్లలో ఇది చెయ్యి దూరని చోట ఉంటుంది. అలాంటివాటిని మెకానిక్‌కే వదిలెయ్యండి. కానీ "తీసేస్తే చాలు" అంటే మాత్రం ఒప్పుకోకండి.

2019 ఫిబ్రవరి పద్దులో డీజిల్ 51 లీటర్లకి దిగింది. ఆ పేజీ తీసుకెళ్లి మామయ్యగారి ముందు పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని, అంకె మీద వేలు ఆనించి రెండుసార్లు చదివారు. "అయితే బుధవారం కూడా వెళ్దాంలే అమ్మాయ్" అన్నారు.

మామయ్యగారు 2021లో వెళ్లిపోయారు. ఆ పాత ముక్క ఇంకా డబ్బాలోనే ఉంది. మీ ఇంట్లో కారుంటే దాని ముల్లు ఎక్కడ నిలుస్తోందో ఈసారి ఎక్కినప్పుడు చూడండి. డీజిల్ లెక్క కూడా రాయండి. కాకపోతే, దాన్ని ఎవరి చెవిన పడేలా చదువుతున్నారో ఒక్కసారి చుట్టూ చూసుకుని మరీ చదవండి.