జగర్‌గుండాలో కిలో ఉప్పు

కాకినాడలో మా వీధి చివర కట్టిన కొత్త అపార్ట్‌మెంట్‌లో రెండు పడకగదుల ఫ్లాటు అద్దె పదిహేను వేలట. పెన్షనర్ల స్వర్గమని పేరుపడ్డ ఊరిది. ఇప్పుడు ఆ పెన్షనర్లే రైతుబజారులో అరకిలో బెండకాయల దగ్గర లెక్కలు వేసుకుంటున్నారు. ఈ గోడు ఫోనులో వెళ్లబోసుకుంటుంటే ఛత్తీస్‌గఢ్‌లోని కోంటాలో చింతపండు వ్యాపారం చేసే మా బావమరిది అడ్డుపడ్డాడు. "ధరల సంగతి తర్వాత బావా, ముందు నాతో జగర్‌గుండా రా."

మారేడుమిల్లి ఘాటు, చింతూరు దాటి చీకటి పడ్డాక కోంటా చేరాను. శబరికి ఆ ఒడ్డున ఒడిశా మోటు దీపాలు. తెల్లారి దోర్నపాల్ దాకా జాతీయ రహదారి; అక్కడ ఎడమకు తిరిగితే జగర్‌గుండా 56 కిలోమీటర్లు. పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్నార్, నర్సాపురం. చింతలూ పల్లెలూ మన పేర్లే, బోర్డుల మీద అక్షరాలు మాత్రం హిందీ. నర్సాపురం అని చదివి మా గోదావరి గట్టు, లేసు అల్లికలు గుర్తొచ్చి నవ్వుకున్నాను. కారులో ఇంకెవరూ నవ్వలేదు.

ఎందుకు నవ్వుతారు? 2010 ఏప్రిల్ 6న చింతల్నార్ దగ్గర తాడిమెట్లలో మావోయిస్టుల దాడిలో 76 మంది జవాన్లు చనిపోయింది ఈ దారి పక్కనే. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్‌లో 25 మంది సీఆర్పీఎఫ్ వాళ్లు చనిపోయింది ఈ రోడ్డు పనికే కాపలా కాస్తూ. మనం రోడ్డు ఖర్చును కిలోమీటరుకు ఇన్ని కోట్లని చెప్పుకుంటాం. ఇక్కడ డ్రైవరు ఊరు దాటినప్పుడల్లా ఒక అంకె చెబుతున్నాడు, అవి కోట్లు కావు.

జగర్‌గుండాలో దిగగానే కిరాణా కొట్టుకెళ్లాను, కాకినాడ అలవాటు. ఉప్పు, సబ్బు, బిస్కెట్లు, నూనె ప్యాకెట్లు. దాదాపు మా వీధి కొట్టు ధరలే. నేను పెదవి విరిచాను. బావమరిది ఏమీ అనకుండా కొట్టు అరుగు మీద కూర్చున్న ముసలమ్మను చూపించాడు. చర్ల, వెంకటాపురం వైపు మిరపచేలకు కూలికి వెళ్లొచ్చిన మనిషి, కాయ కోత తెలుగు వచ్చు.

"గొడవల రోజుల్లో ఉప్పు ఎంతకు దొరికేదమ్మా?" అని అడిగాను.

"పైసలున్నా ఏడ కొనేది బాబూ? కొట్టు ఖాళీ" అంది.

నా ప్రశ్నలోనే తప్పుందని అప్పుడర్థమైంది. ధర అంటే, సరుకు ఉన్నచోట మాట. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక ఈ ఊరు శిబిరమైంది. చుట్టూ ముళ్లకంచె, లోపల మనుషులు, బయట వాళ్ల పొలాలు. మావోయిస్టులు దారులు తవ్వేశారు. దంతెవాడ, బీజాపూర్, దోర్నపాల్, మూడు వైపుల నుంచీ దారులు కలిసే కూడలి కాబట్టే ఒకప్పుడు ఇక్కడ పెద్ద సంత జరిగేది. ఆ మూడూ తెగాక రేషన్ లారీలు బలగాల కాపలాలో ఎప్పుడో ఒకసారి వచ్చేవి. వానలు పడితే అదీ లేదు. ప్రత్యేక పోలీసుల పేరుతో ఆదివాసీ కుర్రాళ్లకు తుపాకులివ్వడం రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులైలో తీర్పిచ్చింది. తీర్పుతో దారి తెరుచుకోలేదు. ఇక్కడి బడి పదమూడేళ్ల తర్వాత, 2019లో, మళ్లీ తెరిచారు. 2001లో దోపిడీ జరిగి మూతపడ్డ బ్యాంకు స్థానంలో ఇంకో బ్యాంకు శాఖ 2025 మేలో వచ్చింది. ఆ మధ్యకాలంలో తునికాకు డబ్బులు తీసుకోవాలంటే పైన చెప్పిన 56 కిలోమీటర్లే.

తునికాకు లెక్క అక్కడే కూర్చుని వేశాను. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 నుంచి స్టాండర్డ్ బ్యాగుకు 5,500 రూపాయలిస్తోంది. బ్యాగంటే వెయ్యి కట్టలు, కట్టకు యాభై ఆకులు. ఆకుకు పదకొండు పైసలు. మా వీధి ఫ్లాటు ఒక నెల అద్దెకు లక్షా ముప్పై ఆరు వేల ఆకులు కోయాలి. కోత మాత్రం ఎండాకాలంలో కొద్ది వారాలే. కొట్టు ధర మా ఊరి ధరే అని ఇందాక పెదవి విరిచానే, ఆ ధర ఇక్కడ ఎన్ని కట్టలవుతుందో చూడాల్సింది. బిస్కెట్ ప్యాకెట్ పది రూపాయలంటే తొంభై ఆకుల పైమాటే, ఎండలో వంగి.

ఉప్పు సంగతికొస్తే, అది మా సముద్రపొడ్డు సరుకు. రైళ్లు రాకముందు లంబాడీలు ఎడ్ల మీద కోస్తా ఉప్పును జయపురం మీదుగా బస్తర్‌కు మోసేవారు. ఆ తర్వాతి కాలంలో సంతల్లో వ్యాపారులు ఉప్పుకు సమానంగా సారపప్పు కొలిపించుకునేవారు. మానెడు ఉప్పుకు మానెడు పప్పు. బస్తర్‌లో ఈ కథ ఎవర్నడిగినా చెబుతారు. ప్రభుత్వం రేషన్‌లో ఉప్పు ఉచితంగా ఇవ్వడం వెనుక ఆ పాపం కూడా ఉందని మా బావమరిది వాదన. వాడూ వ్యాపారే కనుక ఆ మాట వాడి నోట వినడం నాకు బాగుంది.

వచ్చేముందు ముసలమ్మ దగ్గర అరకిలో సారపప్పు కొన్నాను. బేరం ఆడలేదు. కాకినాడలో మిఠాయి కొట్టతను ఆ పప్పును గ్రాముల్లో తూస్తాడు.