నాయనకు, హగరి ఒడ్డు నుంచి

రాయదుర్గం,
మంగళవారం సాయంత్రం

నాయనా,

క్షేమంగా చేరినాం. రాప్తాడులో బస్సు ఎక్కేముందు, "ఎడారి చూడాలంటే రాజస్థాన్ పోవాల గానీ మన జిల్లాలో ఏముంది?" అని అడిగినావు. రేపు రాత్రి పడుకోబోయేది మన జిల్లా ఇసుకలోనే. చూసింది చూసినట్టు రాస్తాను.

ఇసుక చూడబోతున్న మా గుంపులో బళ్లారి కాలేజీ ఆడపిల్లలు ఇద్దరు, గుంతకల్లు మాస్టారు ఒకాయన, ధర్మవరంలో మగ్గం నేసే అన్న, వదిన ఉన్నారు. పొద్దున ముఖాలు కూడా తెలియవు. కళ్యాణదుర్గంలో ఉగ్గాని, బజ్జి తినేసరికి ఒక ఇంటి వాళ్లమైనాం. ఊరు దాటినాక గట్ల మీద గాలిమరలు, కింద చెనిక్కాయ పెరికేసిన ఎర్రచేలు. కనుచూపు మేర గడ్డిపోచ లేదు. సుడిగాలి లేచి ఒక చేని దుమ్మును ఎత్తి పక్క చేలో పోసింది. వదిన కిటికీ మూస్తూ, "మట్టి పోతావుంటే ఎవురూ చూసుకోరా?" అనింది. ఆ మాట నన్ను వదల్లేదు.

రాయదుర్గంలో సందు సందునా జీన్స్ ప్యాంట్లు కుట్టే మిషన్ల చప్పుడు. వాన నమ్ముకోలేని ఊరికి ఆ సూదే అన్నం పెడుతోంది. రాత్రి చలికి రెండు దుప్పట్లు కొన్నాను. అమ్మకు చెప్పు, దిగులు పడొద్దని.

దర్గాహొన్నూరు,
గురువారం తెల్లవారుజాము

నాయనా,

టార్చి వెలుగులో రాస్తున్నాను. అందరూ ఇంకా నిద్రలో ఉన్నారు.

నిన్న పొద్దు వాలేవేళకు ఇక్కడికి చేరినాం. ఒకవైపు కాలవ నీళ్లతో పండిన వరి. తుంగభద్ర ఎగువ కాలవ ఈ బొమ్మనహాళ్, కణేకల్ మండలాల మీదుగానే పోతుంది. మరోవైపు దిబ్బ వెనక దిబ్బ, ఇసుక. దిబ్బల మీద గాలి గీసిన సన్నటి చారలు, ఆ చారల మీద ఒక పేడపురుగు నడిచిపోయిన జాడ. ఒక తుమ్మచెట్టు మొదలు మొత్తం పూడిపోయి, కొమ్మలు మాత్రం పైకి కనబడుతున్నాయి. దానికి ఇవతల ఇంకో చెట్టుకు వేర్ల కింద మట్టి ఎగిరిపోయి, వేర్లన్నీ గాలిలో వేలాడుతున్నాయి. ఒకచోట మింగేది, ఒకచోట తవ్వేది ఆ గాలే.

ఇక్కడ కట్టె విరవకూడదని ముందే అనుకున్నాం. వెంట తెచ్చిన చిన్న గ్యాసు స్టవ్వు మీద వంకాయ కూర చేసుకొని, రాయదుర్గంలో కట్టించుకొచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడితో తిన్నాం. దగ్గరి చేలో గొర్ల మంద దిగి ఉంది. రాత్రంతా మంద నిలిస్తే చేనికి ఎరువు, అందుకు రైతు కాపరులకు గింజలో డబ్బో ఇస్తాడు. ఆ కాపరి పెద్దాయన కంబళి కప్పుకొని మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఇప్పుడు చలికాలం, ఇసుక పండుకోనుంది. ఆషాఢంలో వచ్చి చూడండి. తలుపులు మూసినా సంగట్లో ఇసుకే. గట్లు కనపడవు, ఎవురి చేను ఏదో తెలీదు. ట్రాక్టర్లు పెట్టి ఎత్తిపోసుకుంటారు. మళ్లా ఏడు మళ్లా వస్తాది" అన్నాడు.

లేచి పోయేముందు చేత్తో జానెడు గుంత తీసి, నా వేళ్లు అందులో పెట్టించినాడు. కింద చల్లగా తడి! "తడి ఉంది తల్లీ. వేరు దిగేదాకా కాపాడితే చెట్టు బతుకుతాది. మేకల్ని దూరంగా పెట్టాల, అంతే" అన్నాడు. మంద మేపే మనిషే ఆ మాట చెప్పినాడు.

పొద్దు మునిగిన గంటకే ఇసుక వేడంతా పోయింది. బళ్లారి పిల్లలు కన్నడంలో పాడితే మాస్టారు తాళం వేసినాడు. అందరం దుప్పట్లు కలిపి పరుచుకొని దగ్గర దగ్గరగా పడుకున్నాం. నడినెత్తిన పిల్లలకోడి చుక్కల గుంపు. దాన్ని నువ్వు మిద్దెమీద చూపించినావని చెప్పి ఆ పిల్లలకు చూపించినాను.

కణేకల్,
గురువారం మధ్యాహ్నం

నాయనా,

నీ ప్రశ్నకు జవాబు దొరికింది. రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో ఏడాదికి కురిసేది సుమారు 200 మిల్లీమీటర్లు. మన జిల్లాలో సుమారు 550. వాళ్లకు కురిసేదానికి రెండింతల పైన కురుస్తున్నా మనకు ఇసుక దిబ్బలు ఎందుకు లేచినాయి? పొద్దుటి నుంచి దీని మీదే మాటలు.

బాబాబుడన్ కొండల్లో పుట్టిన వేదవతినే ఇక్కడ హగరి అంటారు. పైన హిరియూరు దగ్గర 1907లో పూర్తైన వాణీవిలాస సాగరం, మన వైపు భైరవానితిప్ప ఆనకట్ట. వాటి కింద నది ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి, ఇసుక తేలి ఉంటుంది. పడమటి గాలి మొదలైతే ఆ ఇసుకను ఎత్తి చేలల్లో పోస్తుంది. అడ్డం చెట్లుంటే గాలి నెమ్మదించి ఇసుక అక్కడే రాలిపోతుంది. చెట్లు కొట్టేసిన చోట ఊళ్లోకి వస్తుంది. జోధ్‌పూర్‌లో 1959 నుంచి శుష్క ప్రాంతాల పరిశోధన సంస్థ ఒకటి ఉంది. దిబ్బల మీద కంపతో చదరాలుగా దడి కట్టి, ఆ మధ్యలో గడ్డి, చెట్లు నాటే పద్ధతి వాళ్లు నడిపించినారు. అంత తక్కువ వానలో నిలిచిన చెట్టు మన దగ్గర నిలవదా?

నది మన రాప్తాడు పక్కన లేదు, నిజమే. గాలి మాత్రం అదే గాలి. చెనిక్కాయను వేర్లతో సహా పెరికి, కట్టె గొర్లకు వేసి, గుల్లబారిన ఎర్రమట్టిని కార్తీకం నుంచి మృగశిర దాకా పైన ఏ కప్పూ లేకుండా వదిలేస్తాం. జేజి కాలంలో ఆ చేలోనే కొర్ర, సజ్జ, కంది, ఆముదం ఉండేవని నువ్వే చెప్పినావు. కొర్ర మొద్దు, కంది మోడు నేలను పట్టుకొని ఉంటాయి. మన చేని మట్టి ప్రతి ఎండాకాలం కొంచెం కొంచెంగా లేచిపోతోంది. తొలకరికి రాళ్లు కొత్తగా తేలుతున్నాయని నువ్వు విసుక్కునేది అందుకే. రాళ్లు పైకి రాలేదు నాయనా, వాటి మీది మట్టి పోయింది.

చెనిక్కాయ మానమని అడగను, అప్పు సంగతి నాకు తెలుసు. ఎనిమిది సాళ్లకొక సాలు కంది వెయ్యి. కొంత మోడు చేలోనే ఉండనీ. పడమటి గట్టున కానుగ, వేప నాటుదాం. మృగశిరకు నేను ఊళ్లో ఉంటాను, గుంతలు తీసేది, మూడేళ్లు మేకలు రాకుండా కాసేది నా పని. ధర్మవరం అన్న, వదిన కూడా చేతి సాయానికి వస్తామన్నారు. కానుగ గింజలు గుంతకల్లు మాస్టారు పంపిస్తాడట. నువ్వు ఒప్పుకుంటే సంచుల్లో మొలకలు ఇప్పుడే కట్టాల. అమ్మతో మాట్లాడి ఫోన్ చెయ్యి.

నీ బిడ్డ