రాణి జబ్బు, డాక్టరు పని

షేక్స్పియర్ 1606 ప్రాంతంలో రాసిన ‘మాక్‌బెత్’లో భర్తను రెచ్చగొట్టి, ఇంటికి అతిథిగా వచ్చిన రాజును చంపించి, నెత్తుటి కత్తులను కాపలావాళ్ల పక్కన తన చేత్తోనే పెట్టి వచ్చి రాణి అయిన లేడీ మాక్‌బెత్‌ను పరమ దుర్మార్గురాలిగానే చదువుకున్నాం. వైద్యుడిగా నన్ను పట్టి ఆపేది ఐదో అంకం మొదటి రంగం. ఆమె నిద్రలో నడుస్తూ, లేని నెత్తుటి మరకను చేతుల మీంచి తోముకుంటుంటే డాక్టరు చాటున నిలబడి చూస్తాడు. ఇది తన వైద్యానికి అందని జబ్బనీ, ఈమెకు కావలసింది మతగురువే తప్ప వైద్యుడు కాడనీ అంటాడు. అంటూనే, హాని చేసుకోగల వస్తువులేవీ ఆమె దగ్గర ఉంచొద్దనీ, కంట కనిపెట్టి ఉండమనీ పరిచారికకు చెబుతాడు. మొదటి మాట తప్పు. రెండోది ఈనాటికీ మేం పాటించే వైద్యం. రోగి మంచిదా, చెడ్డదా అన్న తీర్పు వైద్యానికి అడ్డు రాకూడదన్నదే నా వాదన.

చర్ల, దుమ్ముగూడెం నుంచీ, సరిహద్దు అవతలి సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచీ భద్రాచలం వైపు వైద్యానికి వచ్చే ఆడవాళ్లలో ఇలాంటి బాధలు మాకు కొత్త కాదు. కడిగి కడిగి వేళ్ల సందులు ఒరిసిపోయి, మెటికల దగ్గర చర్మం పగిలి నెత్తురు కారే చేతులు చూస్తాం. దీపం ఆర్పితే కన్ను మూయలేనివాళ్లనూ, తన వల్లే పసిబిడ్డకు కీడు జరుగుతుందని వణికిపోయే బాలింతలనూ చూస్తాం. వీళ్లు ఏ పాపమూ ఎరుగరు. అయినా గయ్యాళి అనో, బిడ్డను పట్టించుకోని తల్లి అనో, చేతబడి చేస్తుందనో ముద్ర పడ్డాకే ఆసుపత్రికి చేరతారు. ఈ అడవి అంచున మనిషి తీరు హఠాత్తుగా మారితే ముందు మలేరియాకు రక్తం చూడాలి, ఎందుకంటే మెదడుకెక్కిన మలేరియా కూడా పిచ్చిలాగే కనిపిస్తుంది. మిగిలినవాటిలో చాలా జబ్బులు మందులకూ, ఓపికగా మాట్లాడటానికీ లొంగేవే. ముద్ర వల్ల పోయేది మాత్రం తొలి రోజుల విలువైన సమయం.

వీళ్లు అమాయకులు, ఆ రాణి హంతకురాలు కదా, ఆమె మీద జాలి చూపిస్తే నేరాన్ని కడిగేసినట్టు కాదా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. నేరానికి శిక్ష వేయడానికి న్యాయస్థానం ఉంది. మానసిక వైద్యం అందరికీ హక్కు అని చెప్పిన 2017 నాటి చట్టం, జైల్లో ఉన్నవాళ్లను అందులోంచి తీసివేయలేదు. రాముడు కొలువైన ఈ ఊళ్లో కైకేయిని తిట్టనివాళ్లు తక్కువ. కానీ పట్టాభిషేకం కబురు విన్న వెంటనే ఆమె సంతోషంతో మంథరకు ఆభరణం బహుమతిగా ఇచ్చిందని వాల్మీకే చెప్పాడు. దానివల్ల ఆమె కోరిన వరాలు ఒప్పయిపోవు. చేసిన తప్పు ఒక్కటే మొత్తం మనిషి కాదని మాత్రం తెలుస్తుంది. పైగా నిజంగా చేసిన తప్పు తాలూకు పశ్చాత్తాపం కూడా ప్రాణం తీయగలదు. నాటకంలో రాణి తన చేతులతోనే ప్రాణం తీసుకుందన్న మాట చివరలో వినిపిస్తుంది.

మనసు బాధకు గుడీ, గూడెంలో పూజలు చేసే వడ్డే చాలునని మరికొందరంటారు. దర్శనం చేసుకోనివ్వండి, మొక్కు తీర్చుకోనివ్వండి. ఆ ఓదార్పు ఎందరికో ధైర్యం ఇస్తుంది. అయితే మిర్చి, పత్తి పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బా ఇంటి చూరులోనే ఉంటుంది. దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉంచాలి. రాత్రి రోగి పక్కన ఒకరు పడుకోవాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ సలహా ఉచితంగా దొరుకుతుంది. షేక్స్పియర్ డాక్టరు ఈ జాగ్రత్తలను సగం చెప్పి, తర్వాత రాజైన మాక్‌బెత్‌తో రోగే తనకు తాను వైద్యం చేసుకోవాలని అనేశాడు. ఆ మాట మనం అనకూడదు. ఆమె చేసిన పని ఏదైనా, ఆమెకు నిద్ర పట్టించడం, ప్రాణం నిలబెట్టడం డాక్టరు పనే.