చెప్పుల డబ్బాలోని తెల్ల పొట్లాలు

కొత్త చెప్పులు కొంటే డబ్బాలో చిన్న తెల్ల పొట్లాలు వస్తాయి కదా, మీరేం చేస్తారు? పారేస్తారు. నేను మాత్రం దాచిపెడతాను. జనగామలో మా వీధి వాళ్లు కూడా నా కోసం తీసి ఉంచుతారు. ఎండలో పెట్టి, గట్టి మూత ఉన్న సీసాలో వేసి మా అబ్బాయికి పంపుతాను.

వాడు భూపాలపల్లి అడవిలో బీట్ ఆఫీసర్. చెట్లకు కట్టే కెమెరాల్లో తేమ చేరకుండా ఇవి పెడతాడు. ఆ కెమెరా దగ్గర మనిషి ఉండడు. జంతువు ముందు నుంచి పోతే దాని ఒంటి వేడిని, కదలికను పసిగట్టి తనే ఫొటో తీస్తుంది. దారికి రెండు వైపులా మోకాలెత్తున కడతారు. పులికి కుడి పక్క చారలు ఒక తీరు, ఎడమ పక్క ఇంకో తీరు. రెండు పక్కలూ దొరికితేనే అది ఏ పులో సరిగ్గా గుర్తుపట్టేది. ముందున్న గడ్డి కోయకపోతే ఊగే ఆకుల ఫొటోలతోనే కార్డు నిండిపోతుందట. బ్యాటరీలు మార్చాలి, అద్దం తుడవాలి, చీమలు చేరకుండా చూడాలి. "వంటిల్లు సర్దుకున్నట్టే ఉందిరా" అంటే నవ్వాడు.

2018 పులుల లెక్కింపులో దేశమంతా 26,838 చోట్ల ఇలా కెమెరాలు పెట్టారని, అది గిన్నిస్ రికార్డని వాడే చెప్పాడు. నాకు గర్వం కంటే భయమే ఎక్కువ. పులి నడిచే దారిలోనే నా కొడుకూ నడవాలి కదా! "ట్రాన్స్‌ఫర్ పెట్టుకో బిడ్డా" అని ఎన్నిసార్లు పోరానో.

పోయిన దసరాకు వచ్చినప్పుడు ఫోన్‌లో రెండు ఫొటోలు చూపించాడు. ఒకదాంట్లో మావాడు, మాసిన గడ్డంతో మోకాళ్ల మీద కూర్చుని కెమెరా సర్దుతున్నాడు. రెండోది అదే చోట, అదే రాత్రి. పులి! నాకు నోట మాట రాలేదు.

"అది మనిషి అలికిడికి తప్పుకుంటుందమ్మా. నా భయమంతా ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టేవాళ్లతోనే. ఈ చోటు వాళ్లకు తెలిస్తే దాని పని అయిపోయినట్టే. ఎవరికీ చెప్పకు."

మర్నాడే మహబూబాబాద్ నుంచి మా చెల్లె ఫోన్. "అక్కా, మీవాడు ఉండే కాడ పులి తిరుగుతుందట, నిజమేనా?" మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఏమోనే, నాకేం చెప్తాడు" అన్నాను. చెల్లెతో అబద్ధమాడటం నాకదే మొదలు.

ఆ రోజు నుంచి ట్రాన్స్‌ఫర్ మాట ఎత్తలేదు. భయం పోయి కాదు. ఇప్పుడు వాడితో పాటు నేనూ దానికి కాపలానే.

మీ ఇంట్లో పొట్లాలుంటే పిల్లలకు అందకుండా తీసి పెట్టండి. ఎప్పుడైనా కలిసినప్పుడు తీసుకుంటాను.